తాడు విప్పిన చెయ్యి

చిన్నోడు కోట బురుజు మీంచి పడ్డాడన్నంత వరకూ అందరికీ తెలుసు. సినిమాలో అయితే అతను పడకూడదు. రెక్కల మృగం గోళ్ళలో చిక్కుకున్న అక్క కోసం గాల్లోకి దూకి, దాని మెడ పట్టుకుని వేలాడాలి. అలా వేలాడాల్సిన మనిషి కింద పరిచిన పరుపులు కూడా దాటి వెళ్ళి నేల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అతను హీరోకి డూప్. హీరోయిన్‌కి డూప్ అతని సొంత అక్కే. యూనిట్లో అందరూ ఆమెని మెరుపు అంటారు. ఆ యుద్ధం మొత్తాన్ని నడిపిస్తున్న ఫైట్ మాస్టర్ ఆ ఇద్దరికీ పెద్దన్నయ్య. చిన్నోడిని ఇంకా ఆపరేషన్ గదిలోంచి బయటికి తేకముందే సినిమా కంపెనీ ఒక మాట పుట్టించింది. మొదటి వైరు తెగినా ఆపడానికి ఒంటికి ఉండాల్సిన రెండో తాడుని ఆ కుర్రాడే విప్పేసుకున్నాడట. అడ్డంగా ఉందని, ఎవరికీ చెప్పకుండా.

మెరుపు ఆ మాట నమ్మలేదు. తమ్ముడికి తెలివి వచ్చాక అతని నోటితోనే వినాలని పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళింది.

చిన్నోడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాలికి బరువు కట్టి మంచం చివర వేలాడదీశారు. పెదాలు ఎండిపోయాయి. అయినా అక్కని చూడగానే, ఈసారి పడటంలో నిన్ను మించిపోయానే అని నవ్వబోయి, నొప్పి వచ్చి ఆగిపోయాడు. ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని, తడిగుడ్డతో అతని మొహం తుడిచి, అప్పుడు అడిగింది. తాడు ఎవరు విప్పారని.

చిన్నోడు గోడకేసి చూశాడు.

"నేనే అక్కా. అడ్డంగా ఉంటే తీసేశాను."

దూకే ముందు ఒకరి కొక్కాలు ఒకరు లాగి చూడటం వాళ్ళిద్దరికీ ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న అలవాటు. ఆ రోజు కూడా ఆమె తమ్ముడి వెనక్కి వెళ్ళి, రెండు భుజాల మధ్య ఉన్న రెండో తాడు కొక్కాన్ని గట్టిగా లాగి చూసి, వీపు మీద ఒక్కటి చరిచి, అప్పుడే తన చోటికి వెళ్ళింది. పైగా ఈ సినిమాకి వేసే రబ్బరు కవచం ఒకసారి తొడిగాక చేతులు వెనక్కి పోవు. వీపు దురద పెడితే ఇంకొకరిని బతిమాలుకోవాల్సిందే. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అందరూ దాని మీద జోకులు వేసుకుంటూనే ఉంటారు.

"వీపు మీద కొక్కెం నువ్వెలా తీశావురా?" అని అడిగింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. నిద్ర వస్తోంది, వెళ్ళక్కా అన్నాడు. ఎవరిని కాపాడుతున్నావని ఆమె రెండుసార్లు అడిగింది. మూసిన కళ్ళ చివర నుంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి గాని, నోరు తెరవలేదు. మెరుపు ఆ నీళ్ళు తుడిచి లేచింది. అప్పటికే ఆమెకి అర్థమైంది. ప్రపంచంలో చిన్నోడు అబద్ధం చెప్పి కాపాడే మనుషులు ఇద్దరే. అందులో ఒకరు తను.

ఆమె సెట్‌కి చేరేసరికి యుద్ధానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. చెక్కతో, ప్లాస్టర్‌తో కట్టిన బురుజు చుట్టూ పచ్చ తెరలు దించారు. దాని మీద తర్వాత కంప్యూటర్లో మేఘాలూ మంటలూ వస్తాయి. మృగానిది మాత్రం ఒక కాలూ, గోళ్ళూ, సగం మెడా నిజంగానే తయారు చేసి క్రేనుకి తగిలించారు. మేకప్ అమ్మాయి మెరుపుకి రాణి కవచం తొడిగి, నుదుటి మీద ఎర్ర రంగు పూసి, తమ్ముడెలా ఉన్నాడక్కా అని అడిగింది. బతికే ఉన్నాడని చెప్పి మెరుపు బయటికి వచ్చింది. రోజూలాగే డైరెక్టర్ మానిటర్ పక్కన వేసిన పెద్ద గొడుగు కింద అదే కవచంలో హీరోయిన్ కూర్చుని తన డైలాగు చదువుకుంటోంది. ఒక్క కడుపున పుట్టినవాళ్ళ మధ్యకి చావు కూడా రాలేదు అన్న డైలాగు అది. మెరుపు చూపు తగలగానే ఆమె కాగితం దించి, ఏదో అనబోయి, మళ్ళీ కాగితంలోకి చూసుకుంది.

మాస్టర్ సామాన్ల గదిలో ఉన్నాడు. చుట్టలు చుట్టిన వైర్లు, పరుపులు, రబ్బరు కత్తుల కట్టలు ఉండే ఇరుకు గది అది. ఆయన నేల మీద కూర్చుని, వైరు తిరిగే కప్పీకి నూనె పెడుతున్నాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. చెల్లెలు లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టడం విని కూడా తలెత్తలేదు.

"వాడి వీపు మీద తాడు విప్పింది ఎవరన్నయ్యా?"

ఆయన నూనె డబ్బా పక్కన పెట్టాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడివిడిగా, ఎంతసేపైనా అది తప్ప ఇంకో పని లేనట్టు తుడుచుకున్నాడు. మెరుపు ఆ గుడ్డ లాగి మూలకి విసిరేసింది.

"నేనే," అన్నాడు.

అనుమానం ఉన్నా సరే, ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికి ఆమె తలుపుకి ఆనుకుంది. అమ్మ పోయినప్పుడు చిన్నోడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. ఈ అన్నయ్యే వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళాడు. ఈ అన్నయ్యే పాత పరుపులు పోగేసి, ఇద్దరికీ దూకడం నేర్పాడు. ముందు పడటం నేర్చుకోండి, ఎగరడం దానంతటదే వస్తుంది అనేవాడు.

జరిగింది ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ రోజు వెలుతురు తగ్గిపోతోంది. దూకే ముందు చిన్నోడు వెనక్కి తిరిగి చూసే చోట రెండో తాడు కెమెరాలో కనిపిస్తోందని డైరెక్టర్ వాకీటాకీలో అన్నాడు. తర్వాత కంప్యూటర్లో తుడిచేసుకోవచ్చు కదా అని మాస్టర్ అంటే, అంత పొగలో తుడవడం అయ్యే పని కాదన్నాడు. తాడు తీస్తే కుదరదని మాస్టర్ మళ్ళీ చెప్పాడు. అయితే కుదిరే మాస్టర్‌ని పిలిపించుకుంటాం, మీరు మీవాళ్ళని తీసుకుని బయల్దేరండి అని జవాబు వచ్చింది. అదేమంత గట్టిగా కూడా అనలేదట. టీ తెమ్మన్నట్టే అన్నాడట. మెరుపు అప్పుడు మృగం గోళ్ళలో వేలాడుతోంది. పెద్ద ఫ్యాన్ల హోరులో ఆమెకి ఒక్క ముక్క వినపడలేదు. మాస్టర్ బురుజు ఎక్కి, తమ్ముడి వెనక నిలబడి, తన చేత్తోనే కొక్కెం తీశాడు. ఆ తర్వాత చిన్నోడు దూకడం, మొదటి వైరు కప్పీ మీంచి జారి ఇనప దూలం అంచున తెగిపోవడం రెప్పపాటులో జరిగిపోయాయి.

"తీస్తుంటే వాడేమన్నాడు?"

మాస్టర్ కప్పీ వైపు చూశాడు.

"పర్లేదా అన్నయ్యా అని అడిగాడు. నేనున్నాగా అన్నాను."

మెరుపు పక్కనున్న రబ్బరు కత్తుల కట్టని ఒక్క తన్ను తన్నింది. అవి చప్పుడు లేకుండా చెల్లాచెదురుగా పడ్డాయి. ఆ చప్పుడు లేకపోవడం ఆమెకి ఇంకా మంట పుట్టించింది. ఇనుముతో చేసినవి ఏవైనా ఉంటే బాగుండునని చుట్టూ చూసింది.

ఆ తర్వాతది వినడం ఇంకా కష్టమైంది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుండగా చిన్నోడు అన్నయ్య చెయ్యి పట్టుకుని, నేనే విప్పుకున్నానని చెప్పు, ఫైటర్ల సంఘం నీ సభ్యత్వ కార్డు తీసేస్తే మనల్ని నమ్ముకున్న ఫైటర్లందరి పొయ్యిలో పిల్లి లేవదు అన్నాడట. మాస్టర్ వద్దనబోయాడట. అంతలో కంపెనీ మేనేజరు వచ్చి, కుర్రాడు మంచి మాట చెప్పాడు అన్నాడట.

"వద్దనబోయావు. అనలేదు," అంది మెరుపు. "వాడి కార్డు పోతే ఏమవుతుందో ఆలోచించావా? తాడు కట్టుకోవడం రాని ఫైటర్ అని పేరు పడితే, రేపు కాలు అతుక్కున్నా వాణ్ణి పిలిచేవాడెవడు? వాడికి తెలిసిన పని ఇదొక్కటే. అదీ నువ్వు నేర్పిందే."

"తెలుసు."

"తెలుసని ఊరుకున్నావు. వాడు తమ్ముడు కాబట్టి ఆ మాట అన్నాడు. నువ్వు అన్నయ్యవి కాబట్టి నోరు ముయ్యరా అనాలి. అంతే కదా ఉండాల్సింది. ఇంతకంటే పెద్ద విషయమేమీ లేదు కదా ఇందులో."

మాస్టర్ తిట్టినా బాగుండును, చెయ్యెత్తినా బాగుండును అనిపించింది ఆమెకి. చిన్నప్పుడు ఆయన కోపానికి ఇద్దరూ మంచం కింద దూరేవాళ్ళు. ఆ మనిషి ఇప్పుడు నూనె మరకల మధ్య తలదించుకుని కూర్చున్నాడు. జాలి వేస్తుందేమోనని భయపడి ఆమె తలుపు వైపు తిరిగింది. అంతలో అసిస్టెంటు తలుపు తట్టి, షాట్ రెడీ, మెరుపక్కని పైకి పంపమంటున్నారు మాస్టర్ అన్నాడు.

అదే షాట్. అదే బురుజు, అదే దూకుడు. చిన్నోడి కవచం తుడిచి, కొత్త డూప్‌కి తొడిగారు. అతను వేరే మాస్టర్ దగ్గర నుంచి వచ్చినవాడు; పెళ్ళై ఏడాది కూడా కాలేదని ఎవరో అన్నారు. బురుజు అంచున నిలబడి కిందికి చూసి, గుటక మింగి, నవ్వాడు. మాస్టరే పైకి వెళ్ళి అతని తాళ్ళన్నీ కట్టాడు. మొదటి వైరు, దాని వెనక రెండో తాడు. కప్పీని తనే తిప్పి చూశాడు. దూలం అంచుకి మందపాటి గోనె చుట్టాడు. కింద వైరు లాగే ఫైటర్లు చేతులకి తోలు తొడుగులు వేసుకుని వరసగా నిలబడ్డారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు.

మెరుపుని మృగం గోళ్ళ మధ్య కట్టి క్రేను పైకెత్తింది. అక్కడి నుంచి ఆమెకి సెట్టంతా కనిపిస్తోంది. గేటు దగ్గర కారు దిగి, చేతికర్ర ఊపుకుంటూ వస్తున్న పెద్దాయన కూడా కనిపించాడు. ఆయన ఫైటర్ల సంఘం అధ్యక్షుడు. ఒకప్పుడు గుర్రాల మీంచి పడటంలో ఆయన తర్వాతే ఎవరైనా. అందరికీ బాబాయ్. చిన్నోడి కార్డు సంగతి ఇవాళ్టితో తేల్చేస్తానని కబురు పెట్టి మరీ వచ్చాడు. డైరెక్టర్ లేచి ఎదురు వెళ్ళి, తన పక్కనే కుర్చీ వేయించి, ఈ ఒక్క షాటూ అయ్యాక మాట్లాడుకుందాం అని కూర్చోబెట్టాడు.

ఇంకా ఫ్యాన్లు వేయలేదు. అందుకే ఆ తర్వాత మాట ఆమెకి స్పష్టంగా వినపడింది. డైరెక్టర్ మానిటర్ మీదికి వంగి చూసి, వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. మాస్టర్ భుజానికి తగిలించుకున్న పెట్టెలోంచి ఆ గొంతు బురుజంతా పాకింది.

"మాస్టర్, ఆ వెనక తాడు మళ్ళీ కనిపిస్తోందండీ. కొంచెం చూడండి."

కొంచెం చూడండి. అంతే. పక్కనే సంఘం పెద్దని కూర్చోబెట్టుకుని, తమ్ముడు ఆస్పత్రిలో ఉన్న మనిషిని, ఆ తమ్ముడు పడ్డ చోటనే నిలబెట్టి, మళ్ళీ అదే మాట. డైరెక్టర్ మొహంలో కనీసం తప్పు చేస్తున్నవాడి జంకు కూడా లేదు. అంటే ఆ మనిషి దృష్టిలో మొన్న ఏమీ జరగలేదన్నమాట. ఒక షాట్ ఆగిపోయింది, అంతే.

మాస్టర్ కదల్లేదు. కొత్త డూప్ మెడ తిప్పి, ఏమిటి మాస్టర్ అన్నట్టు చూశాడు. రెండోసారి పిలుపు వచ్చింది, వెలుతురు పోతోందని. అప్పుడు మాస్టర్ చెయ్యి లేచింది. లేచి, ఆ కుర్రవాడి భుజాల మధ్యకి వెళ్ళి, కొక్కెం మీద ఆగింది.

ఆ చేతినే చూస్తోంది మెరుపు. అరవాలనుకుంది. కాని గొంతు ఆమె అనుకున్నదానికంటే మామూలుగా వచ్చింది.

"అన్నయ్యా, చెయ్యి తియ్యి."

కెమెరా దగ్గరున్నవాళ్ళు తలెత్తి చూశారు.

"ఆ తాడు తీస్తే నేను ఇక్కణ్ణుంచి దిగను. షాటూ చెయ్యను, క్రేనూ దిగను. రేపు పొద్దున వచ్చినా ఇక్కడే వేలాడుతూ కనిపిస్తాను. చెయ్యి తియ్యి."

డైరెక్టర్ కింద నుంచి, ఈవిడకి ఏమైంది, దించండి, ఇంకో అమ్మాయిని చూడండి అన్నాడు. క్రేను నడిపే అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు. దించమన్న మాట వినపడనట్టు ఆకాశంలోకి చూశాడు.

బురుజు మీద మాస్టర్ కొక్కెం వదిలేశాడు. వదిలి, దాన్ని ఇంకొకసారి లాగి చూశాడు, గట్టిగా ఉందా లేదా అని. కొత్త డూప్ వీపు మీద ఒక్కటి చరిచి, దిగి వెళ్ళిపో బాబూ, ఇవాళ్టికి దూకేది లేదు అన్నాడు. తర్వాత నిచ్చెన దిగి, ఎవరి వైపూ చూడకుండా నడిచి వెళ్ళి, అసిస్టెంటు చేతిలోని మైకు అందుకున్నాడు. ఆయన నడకలో తొందర లేదు. గోళ్ళ మధ్య నుంచి చూస్తున్న మెరుపుకి, చాలా రోజుల తర్వాత తన అన్నయ్య కనిపించాడు.

అయితే అదే సమయంలో కింద ఇంకొకటి జరుగుతోంది. షాట్ ఆగింది కదా అని బాబాయ్ తన పని మొదలుపెట్టాడు. ఫోన్ తీసి ఆస్పత్రిలో చిన్నోడికి కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టాడు. మీ అందరి ముందూ కుర్రాడి నోటితోనే వింటాను, రేపు నన్నెవరూ అనకూడదు అన్నాడు. ఏరా, రెండో తాడు విప్పింది ఎవర్రా అని ఫోన్లోకి అడిగాడు.

"నేనే."

రెండు గొంతులు ఒక్కసారే వచ్చాయి. ఒకటి ఫోన్లోంచి, నీరసంగా. ఇంకొకటి మైకులోంచి, సెట్టు నాలుగు మూలలకీ.

బాబాయ్ ఫోన్ వైపు చూశాడు. మాస్టర్ వైపు చూశాడు. ఫోన్లో చిన్నోడు, అన్నయ్యా నువ్వు ఊరుకో, బాబాయ్ ఆయన మాట వినకండి, నేనే, నేనే అంటూ ఆయాసపడుతున్నాడు. అక్కడ నర్సు ఎవరో మందలిస్తోంది. మాస్టర్ మైకు పట్టుకుని, వాడు అబద్ధం చెబుతున్నాడు, నా చేత్తో నేనే తీశాను, నా కార్డు తీసుకోండి అన్నాడు.

డైరెక్టర్ చిన్నగా నవ్వాడు. అన్నదమ్ముల అనుబంధం చాలా బాగుందండీ, ఇద్దరిలో ఎవరైనా మాకు అభ్యంతరం లేదు, తొందరగా తేల్చండి అన్నాడు.

ఆ నవ్వు మెరుపు చూసింది. ఇద్దరిలో ఎవరైనా సరే, మూడోవాడు కానంత వరకూ. తన ఇంట్లోవాళ్ళు ఒకళ్ళ తప్పు ఒకళ్ళు మీదేసుకోవడానికి పోట్లాడుకుంటుంటే, అసలు మనిషి కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు. ఆమె నడుం పట్టీ విప్పుకుంది. క్రేను కాలు పట్టుకుని జారి, చివర్న వదిలేసి, దుమ్ములో రెండు కాళ్ళ మీదా దిగింది. వెళ్ళి అన్నయ్య పక్కన నిలబడి, మైకు తన వైపు తిప్పుకుంది.

"విప్పిన చెయ్యి మా అన్నయ్యది బాబాయ్. దానికి మా ఇంట్లో మేం చూసుకుంటాం, మీ సంఘంలో మీరు చూసుకోండి. విప్పమన్న నోరు అదిగో, మీ పక్క కుర్చీలో ఉంది. ఇందాక కూడా అదే మాట అంది. మీరు విన్నారు."

బాబాయ్ మెల్లగా పక్కకి తిరిగాడు. డైరెక్టర్ నవ్వు చెదరలేదు. కొంచెం చూడండి అన్నానండీ, తియ్యమన్నానా, అన్నాడు. మొన్న కూడా అంతే అన్నాను, కావాలంటే ఇక్కడున్నవాళ్ళని అడగండి, తియ్యకపోతే పంపించేస్తానని నేను అన్నానా, ఎవరైనా విన్నారా అని చుట్టూ కలయజూశాడు.

వైర్ల దగ్గర ఫైటర్లు చేతి తొడుగుల్లోకి చూసుకున్నారు. కెమెరామన్ లెన్సు తుడుస్తున్నాడు. అసిస్టెంటుకి హఠాత్తుగా చెప్పు పట్టీ ఊడింది. మాస్టర్ చెల్లెలికి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. ఫోన్లో చిన్నోడి ఊపిరి మాత్రం వినపడుతోంది.

గొడుగు కింద కుర్చీ జరిగిన చప్పుడైంది.

హీరోయిన్ లేచి నిలబడింది. చేతిలో డైలాగు కాగితం మడిచి కుర్చీలో పెట్టింది. కిరీటం తీసి దాని మీద పెట్టింది. ఎండలోకి ఒక అడుగు వేసింది.

"కూర్చో," అన్నాడు డైరెక్టర్.

ఆమెని అతను అలా ఏకవచనంలో పిలవడం సెట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. అతని మొహంలో నవ్వు లేదు.

ఆమె కూర్చోలేదు. మెరుపు దగ్గరికి నడిచి వచ్చి, మైకు కోసం చెయ్యి చాచింది.